నీటికాకులు నమ్మిన కూత

నమోదు 212
నీరు: ఉప్పెక్కువ. గాలి: కంపెక్కువ.
పక్షుల మనోభావం: కడుపు నిండి త్రేన్పులు.

ఈ మూడో గడి కనిపెట్టినవాడి మొహం ఒక్కసారి చూడాలని ఉంది. నీటికాకులకి మనోభావం ఉంటుందట, దాన్ని కాపలాదారు రోజూ రాయాలట. నా మనోభావం అడిగిన నాథుడు లేడు. నేను లంకే తాతారావుని. తెప్పలపేట జలపక్షి కాపలాదారుని. ఏడో తరగతి రెండేళ్ళు చదివాను, రెండో ఏడే బాగుంది. నీటికాకి అని రాస్తే ఈ యంత్రం ఎర్రదీపం వెలిగిస్తుంది, జలపక్షి అనాలి. వెలగనీ. చుట్ట వెతుక్కోడానికి పనికొస్తుంది.

నా చిన్నప్పుడు ఈ పక్షులు లేవు. జలపక్షుల శాఖవాళ్ళు ఎక్కడో గుడ్లు పొదిగించి, కాలికి కడియం తొడిగి, బాజాలతో తెచ్చి వదిలారు. ఇప్పుడు మునిగిన ఊళ్ళో నీటిపైకి తేలిన కప్పులన్నీ వాటివే. మనుషులం ప్లాస్టిక్ డ్రమ్ముల తెప్పల మీద ఊగుతుంటే, అవి డాబాల మీద రెక్కలు ఆరేసుకుంటాయి. రాయి విసిరితే కడియం చెప్పేస్తుంది. కసిరినా చెప్పేస్తుంది. ఊరికి మంచినీళ్ళు కోత పడుతుంది. అయితే కడియానికి గొంతే తెలుసు, మాట తెలీదు. అంచేత నేను జోలపాట రాగంలో తిడతాను. "జోజో తిండిపోతు వెధవా, జోజో నీ గొంతులో ముల్లు దిగా." కడియం 'పక్షి ప్రశాంతం' అని పంపుతుంది. శాఖ నాకు మెచ్చుకోలు పత్రం కూడా ఇచ్చింది.

నిన్న పులస పిల్లల్ని వదిలాం. వదిలాం అనడం పెద్ద మాట, వడ్డించాం. మా వదిన మాలక్ష్మి పాత ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకులో వాటిని గుడ్డు నుంచి సాకింది. ఆ ట్యాంకు ఒకప్పుడు ఆకాశంలో ఉండేదట, ఇప్పుడు దాని నడుం దాకా నీళ్ళే. ప్రెసిడెంటు పేకేటి సూర్రావు హారతిచ్చి, కొబ్బరికాయ కొట్టి, ప్రసంగం దంచాడు. నేను ఐసు ఫ్యాక్టరీ కప్పు మీద పాత సైరను గొలుసు లాగి కూత వేశాను. వదిన గొట్టం మూత తిప్పింది. ఆకాశం నల్లబడింది. గొట్టంలోంచి పిల్లలు పడ్డం, నీటికాకుల నోట్లో పడ్డం. మధ్యలో గోదారి ఉందన్న సంగతి ఆ చేపలకి తెలిసే అవకాశం కూడా రాలేదు.

వదిన గొట్టం మీద కూలబడి చాలాసేపు లేవలేదు. నేను ఒక వేళాకోళం ఆడబోయి మానుకున్నాను. అది నాకు జబ్బు చేసినంత వింత.

ఇంక ఒక్క తొట్టి పిల్లలు మిగిలాయి. సముద్రపు మొగ దగ్గర శాఖవారి కెమెరా కన్ను ఉంది, నీళ్ళ అడుగున. ఈ ఏడు పులస పిల్లలు దాని ముందునుంచి దాటకపోతే తెప్పలపేట 'నిష్ప్రయోజన జనావాసం' అయిపోతుంది. అందర్నీ గుట్ట మీది బ్లాకులకి తోలేస్తారు. అక్కడ కిటికీ తెరిస్తే ఇంకో కిటికీ కనిపిస్తుందట.

నమోదు 214
నీరు: నిన్నటిదే.
పక్షుల మనోభావం: ప్రెసిడెంటు మీద గౌరవం పెరిగింది.

ఊరివాళ్ళు బెదురుబొమ్మ పెడదామన్నారు. బెదురుబొమ్మంటే కుండా గడ్డీ. సూర్రావు మాత్రం ఊరికే ఉంటాడా? చెయ్యెత్తి దీవిస్తున్న తన నిలువెత్తు బొమ్మ చేయించి ట్యాంకు మీద నిలబెట్టించాడు. "నన్ను చూస్తే ఎవరైనా జడుస్తారు" అన్నాడు. అందులో అబద్ధం లేదు, మేమంతా జడిసే బతుకుతున్నాం.

సాయంత్రానికి నీటికాకులు ఆయన ఎత్తిన చేతి మీద వరసగా కూర్చుని ఆయనకి తెల్ల సున్నం వేసేశాయి. ముక్కు మీద మునసబు కూర్చున్నాడు. మునసబు అంటే వాటిల్లో ముసలిది. ముక్కు కొన విరిగింది, ఒక కన్ను తెల్లబడింది. గుంపంతా దిగేముందు వాడి వంక చూస్తుంది. పేరు నేనే పెట్టాను. మా ముత్తాత కాలంలో ఊరికో మునసబు ఉండేవాడట, పన్ను అడక్కుండానే పట్టుకుపోయేవాడట.

"బొమ్మ దించేస్తావా బావా?" అని అడిగాను.

"ఉండనీరా, పక్షులకి కూడా మనమంటే అభిమానం" అన్నాడు సూర్రావు.

నమోదు 217
నీరు: ఎండకి మరుగుతోంది.
పక్షుల మనోభావం: పెళ్ళి బంతిలో ఆకు వేసి అన్నం మరిచినప్పటి మనోభావం.

గుట్ట మీంచి శాఖవారి సమతుల్యాధికారి అభిజ్ఞ మేడంగారు వచ్చారు. చిన్న వయసు, చదువు పెద్దది, చెప్పులు తెప్పల మీద నడవడానికి పనికిరానివి. ఐసు ఫ్యాక్టరీ కప్పు మీద పందిరి వేసి పీతల వేపుడు పెట్టాం. పులస తిరిగొచ్చేదాకా చేప పట్టకూడదు, పీతల మీద మాత్రం ఇంకా ఎవరికీ జాలి పుట్టలేదు.

ఆవిడ ముద్ద కలిపేలోగా సూర్రావు లేచి స్వాగతం మొదలెట్టాడు. గంగమ్మ తల్లి నుంచి మొదలెట్టి ఎంతకీ తన తాత దగ్గరికి రాడు. వేపుడు చల్లారిపోతోంది. మేడంగారు మర్యాదకి తలూపీ తలూపీ మెడ నొప్పెట్టినట్టుంది. నా చేతికి పక్కనే గొలుసు. నేనేం చెయ్యను? లాగాను.

కూత మోగింది. సూర్రావు నోరు ఆగింది. అంతటితో అయిపోవాలి. కానీ తలెత్తితే ప్రతి కప్పు మీంచీ నీటికాకులు లేచాయి. మా పీతల వంక చూడను కూడా లేదు. నేరుగా ట్యాంకు గొట్టం ముందు దిగి, నీళ్ళ మీద వరసలు కట్టి కూర్చున్నాయి. మూత బిగించి ఉంది. అయినా మెడలు సాచి గొట్టం నోట్లోకే చూస్తున్నాయి. మొదటి వరసలో మునసబు.

వదిన నీళ్ళ చెంబు కింద పెట్టి నా వంక తిరిగింది.

"ఒరే మరిదీ, ఇన్నాళ్ళూ అవి చేపల్ని చూసి వస్తున్నాయనుకున్నాం కదరా."

"కాదొదినా. భోజనాలకి రండి అని మనమే పిలుస్తున్నాం."

మేడంగారి మొహం పాలిపోయింది. ఎందుకంటే ఆ కూత మా తాతలనాటి ఆచారం కాదు, శాఖవారి ఆచారం. గొట్టం నీళ్ళు మీదపడి జలపక్షికి దెబ్బ తగలకుండా, పక్కకి తప్పుకోమని చెప్పే కూతట అది. తప్పుకోమంటే వరస కట్టాయి.

"అయితే ఈసారి కూత లేకుండా వదిలేద్దాం" అంది వదిన.

"కుదరదండీ. హెచ్చరిక లేకుండా వదిలితే ఊరి మీదే కేసు. మార్చాలంటే సంఘం కూర్చోవాలి. సంఘం కూర్చునేది చలికాలంలో."

"అప్పటికి నా పిల్లలు ట్యాంకులోనే ఉడికి పులుసవుతాయమ్మా."

"తెలుసండీ" అంది మేడంగారు. గొంతు మరీ చిన్నగా వచ్చింది. ఆవిణ్ణి తిట్టడానికి మంచి మాట ఒకటి నాలుక చివర పెట్టుకుని ఉన్నాను. మింగేశాను. వారంలో ఇది రెండోసారి. నాకు వయసు మీద పడుతోంది.

నమోదు 218
పక్షుల మనోభావం: అడక్కు.

పొద్దున్నే తెప్పల మీద పడి, "కన్ను పాడైపోయిందట! శాఖవాళ్ళు మనల్ని ఒగ్గేశారట! తరలింపు లేదట!" అని అరుచుకుంటూ పోయాను. ఊరు దిగులుగా ఉంది కదా, కాస్త కదిలిద్దామని. ఒక్క తలుపు తెరుచుకోలేదు. ఒకావిడ లోపల్నుంచే "నీ అమ్మ కడుపు కాలా" అంది, అది కూడా ఆవలిస్తూ.

వదిన ట్యాంకు దగ్గర పిల్లలకి మేత చల్లుతోంది.

"ఎవరైనా లేచారా?"

"లేవలేదు."

"ఎందుకు లేస్తార్రా? చేపలొచ్చాయన్నావు, రాలేదు. పడవ మునిగిందన్నావు, మునగలేదు. మొదట్లో పరిగెత్తుకొచ్చేవాళ్ళం. ఇప్పుడు నువ్వు నిజంగా మునిగి 'కాపాడండ్రో' అని అరిచినా, పోన్లే పాపం గొంతు బావుందని పక్క మీంచి లేవరు. నీ నోటికి విలువ లేకుండా నువ్వే చేసుకున్నావు."

నేను ఆవిడ వంక చూసి నవ్వాను.

"తిడుతుంటే నవ్వుతావేంరా సిగ్గులేనోడా?"

"వదినా, ఆ ఐసు ఫ్యాక్టరీ కూత నోటికి కూడా విలువ లేకుండా చేస్తే?"

ఆవిడ చెయ్యి మేత గిన్నెలోనే ఆగిపోయింది. నా బతుకులో నేను చెప్పిన మాట ఆవిడ పూర్తిగా విన్నది ఇదే మొదలు.

నమోదు 219
పక్షుల మనోభావం: ఆశ.

పొద్దుట కూత వేశాను. అన్నీ వచ్చాయి, గొట్టంలోకి చూశాయి, పోయాయి. అన్నాల వేళ వేశాను. వచ్చాయి, పోయాయి. సాయంత్రం వేశాను. మధ్యలో సూర్రావు స్నానం చేస్తుంటే ఒకటి వేశాను. అది పక్షుల కోసం కాదు, నాకోసం.

సూర్రావు తడిబట్టతోనే వచ్చాడు. "ఎన్నిసార్లు మోగిస్తావురా? నిబంధన ఒప్పుకుంటుందా?"

"విడుదలకి ముందు మోగించాలని ఉంది బావా. ఎంత ముందో రాయలేదు. నేను కాస్త ముందునుంచి మొదలెట్టాను."

నమోదు 223
నీరు: ట్యాంకు గోడ చెయ్యి పెడితే కాలుతోంది. వదిన పాత చీరలు తడిపి కప్పుతోంది.
పక్షుల మనోభావం: అనుమానం.

సగం రావడం మానేశాయి. కూత వినపడగానే ఒకదాని వంక ఒకటి చూసుకుంటున్నాయి, నేను వడ్డీ లేకుండా అప్పిస్తానన్నప్పుడు మావాళ్ళు చూసుకున్నట్టు. మునసబు మాత్రం ప్రతి కూతకీ వస్తున్నాడు. గొట్టం ముందు కూర్చుని, గొట్టం వంక కాదు, కప్పు మీద ఉన్న నా వంక చూస్తున్నాడు. ఆ ఒంటికన్ను నాకు నచ్చలేదు. అలా చూసేది మా అయ్య ఒక్కడే.

"జోజో ముసలి పీనుగా, ఇంటికి పోరా" అని పాడాను. పోలేదు.

నమోదు 225
పక్షుల మనోభావం: శాఖ వారే చెప్పారు, 'నిరాశ'.

చెడింది. కడియాలన్నీ ఒక్కసారిగా గుట్ట మీదికి కబురు పంపాయట. తెప్పలపేట జలపక్షుల్లో సామూహిక నిరాశ! మనుషులు నిరాశతో చస్తే ఒక చీటీ రాలేదు గానీ, దీనికి మేడంగారే స్వయంగా పడవ వేసుకొచ్చారు. చేతిలో ఆదేశం. ఇకమీదట కూత వేసిన ప్రతిసారీ పక్షులకి 'ఓదార్పు మేత' పెట్టాలి.

వదిన అది విని ట్యాంకుకి జేరగిలబడింది. "అంటే కూతకి మళ్ళీ తిండి అలవాటు చెయ్యమంటారు. అంతేనామ్మా? మూటలు కట్టుకోమని ఒక్కమాటలో చెప్పచ్చుగా?"

సూర్రావు అప్పుడే మేత పథకానికి తన పేరు పెట్టచ్చా అని అడుగుతున్నాడు.

నేను నోరు తెరిచాను. మేడంగారు చెయ్యెత్తి ఆపారు.

"తాతారావుగారూ, ఆదేశం ఒకసారి సరిగ్గా వినండి. చేప పెట్టమని లేదు. 'శాఖ ఆమోదించిన ఆహారం' అని ఉంది."

"అయితే?"

"మీ ఊరికి శాఖ పంపే ఆహారం ఏమిటండీ?"

ముందు వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరవాత నేను నవ్వలేక పడి దొర్లాను.

సంపూర్ణాహార బిళ్ళ! బూడిద రంగు, చెయ్యంత మందం. నెలనెలా పడవ నిండా పంపుతారు. ఈ ఊళ్ళో దాన్ని ఒకటి పూర్తిగా తిన్న మనిషి ఇంకా పుట్టలేదు. పడవకి కన్నం పడితే బిరడాగా దివ్యంగా ఉంటుంది. మా ఇంటి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టింది అదే.

"మేడంగారండీ, మీరు చదువుకుని చెడిపోయారు గానీ, లేకపోతే నా అంతవారయ్యేవారు" అన్నాను.

"ఆయ్" అంది ఆవిడ, అచ్చం మావాళ్ళలాగే. ఎక్కడ నేర్చుకుందో.

నమోదు 226
పక్షుల మనోభావం: పగ.

పొద్దున్నే కూత వేసి బిళ్ళలు చిదిపి చల్లాను. ఓదార్పని తెలిసి ఊళ్ళోని నీటికాకులన్నీ దిగాయి. మింగాయి. ఆ తరవాత వాటి మొహాల్లో వచ్చిన మార్పు చూడ్డానికి మా ఊరి చంటిపిల్లాడి నుంచి మంచంపట్టిన ముసలాళ్ళ దాకా వచ్చి నిలబడ్డారు. కక్కి, తల విదిలించి, ముక్కులు నీళ్ళలో కడుక్కున్నాయి. అన్నాల వేళ మళ్ళీ కూత, మళ్ళీ బిళ్ళ. సాయంత్రం కూతకి కప్పుల మీంచి లేచిన మాట నిజమే గానీ, ఎగిరింది అటువైపు.

మునసబు ఒక్కడే దిగాడు. ఒక ముక్క ముక్కుతో తిరగేశాడు, వదిలేశాడు, నా వంక చూశాడు. అన్నాల వేళా అంతే, సాయంత్రమూ అంతే. తినడు, పోడు.

నమోదు 231
నీరు: పోటు తీసి పాటు మొదలైంది, మొగ వైపు లాగుతోంది.
పక్షుల మనోభావం: కింద రాస్తాను, ముందు చుట్ట వెలిగించుకోనీ.

నిన్న రాత్రి ట్యాంకులో పిల్లలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయని వదిన పరిగెత్తుకొచ్చింది. ఇంక ఆగితే ఉన్నవీ పోతాయి. పొద్దున్నే పాటు మీద వదిలేద్దామన్నాం.

సూర్రావు కండువా సవరించుకుంటూ వచ్చాడు. మొన్నటినుంచీ ఊళ్ళోనే ఉండిపోయిన మేడంగారు ఆయన చేతిలోని కాగితం తీసుకుని, "మీ ప్రసంగం శాఖ రికార్డుల్లో భద్రంగా ఉండాలండీ, ఇలా ఇవ్వండి" అని సంచిలో పెట్టేసుకున్నారు. ఈవిణ్ణి గుట్ట మీదికి తిరిగి పంపకూడదు.

గొలుసు లాగాను. కూత మోగింది. కప్పుల మీద నల్లటి మెడలు ముడుచుకున్నాయి. ఒక్కటి లేవలేదు. వదిన మూత తిప్పింది. పిల్లలు నీళ్ళతో కలిసి జారి, గోదారిలో పడి, పడ్డచోటే ఒక్క క్షణం ఆగి, వెండి రజను ఒలికినట్టు పాటుతో సాగాయి. మొదటిసారి చూశాం, అవి నీళ్ళలో ఎలా ఉంటాయో.

అప్పుడొచ్చాడు మునసబు. కూతకి కాదు. ఇన్నాళ్ళూ కూర్చున్నచోటే దిగి, మునిగి, ఒక పిల్లని పట్టి పైకి లేచాడు. ఎండలో అది తళుక్కుమంది.

ఐసు ఫ్యాక్టరీ కప్పు మీద ఒక మెడ సాగింది. పక్కన ఇంకోటి. సినిమాహాలు కప్పు మీద నాలుగైదు రెక్కలు విప్పాయి. గుంపంతా వాడి వంకే చూస్తోంది. వదిన మూత మీద చెయ్యేసి కేకేసింది, "ముయ్యనా? ఒరే, ముయ్యనా?"

మూస్తే లోపలున్నవి ఉడుకుతాయి. తీస్తే బయటున్నవి బంతిభోజనం. రాయి వెయ్యడానికి లేదు. జోల పాడితే కడియం వింటుంది గానీ పక్షి వినదు. నాకు వచ్చిన విద్య ఒకటే, ఒకసారి ఆడిన అబద్ధాన్ని ఇంకా గట్టిగా ఆడ్డం. గొలుసు మీద బరువంతా వేసి వేళ్ళాడాను.

కూత మోగిందయ్యా! ఆపలేదు. లాగుతూనే ఉన్నాను. విప్పిన రెక్కలు సగంలో ఆగాయి. ఆ కూత వింటే వాటి నాలిక మీదకి బిళ్ళ రుచి వచ్చినట్టుంది. ఒకటి తల విదిలించింది. సినిమాహాలు మీద గుంపు లేచింది, ఏ ముదనష్టపు ఊరిలో గుడ్డు పెట్టామా అన్నట్టు అరుచుకుంటూ ఎగువకి పోయింది. మిగతావీ దాని వెనక పోయాయి. నేను గొలుసు తెగేదాకా లాగాను. తెగి నేను వెల్లకిలా పడేసరికి ట్యాంకు ఖాళీ.

మునసబు మాత్రం తాపీగా తినగలిగినన్ని తిన్నాడు. తిననీ. ఒక్కడు ఎంత తింటాడు? సూర్రావు కంటే తక్కువే.

నమోదు 234
పక్షుల మనోభావం: తెలీదు, ఊళ్ళో ఎవరూ వాటి వంక చూడలేదు.

కన్ను చూసిందట. మొగ దాటాయట, బారులు బారులుగా. తరలింపు కాగితం చించేశారు. వదిన ఆ కబురు విని ఖాళీ ట్యాంకులోకి దిగి అడుగు కడగడం మొదలెట్టింది, వచ్చే ఏటి పిల్లలకి.

సూర్రావుకి గుట్ట మీద సన్మానం. నాకు తాఖీదు: 'జలపక్షుల మనోవేదనకు కారకుడైనందున మెచ్చుకోలు పత్రం వెనక్కి తీసుకోవడమైనది.' పత్రం ఇద్దామని వెతికితే చుట్టకి వాడేసినట్టు గుర్తొచ్చింది.

నమోదు 640
నీరు: ఎర్రనీరు దిగింది.
పక్షుల మనోభావం: ముందు నేను చెప్పేది వినండి.

ఎగువ వానల ఎర్రనీరు నిన్న మా దాకా వచ్చింది. పొద్దున్న నేను గొట్టం మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాను. పక్కనే మునసబు, ఎప్పటిలాగే. ఎర్రటి నీళ్ళలో ఒక వెండి పళ్ళెం తిరగబడింది. మళ్ళీ తిరగబడింది. ఎదురీదుతోంది. దాని వెనక ఇంకోటి.

నేను పుట్టాక ఎదిగిన పులసని చూడలేదు. అయినా మనిషికి తెలుస్తుంది.

"పులసొచ్చింది!" అని అరిచాను. తెప్పల మీద ఒకడు జాలిగా నవ్వాడు. "పులసరా! నిజం పులస!" ఒకావిడ తలుపు వేసుకుంది. ఐసు ఫ్యాక్టరీ కప్పెక్కి ముడేసిన గొలుసు లాగాను. కూతకి పక్షి రాలేదు, మనిషి రాలేదు. రెంటినీ నేనే తయారుచేశాను కదా, ఎవణ్ణి తిట్టను?

కప్పు దిగి మళ్ళీ గొట్టం దగ్గరికొచ్చాను. చివరికి వదిన వచ్చింది, చీపురుతో. "కూత మోగించి చంపుతున్నావేంరా? ఏదీ పులస?"

"అప్పుడే పోయింది."

"పోతుంది. నువ్వు చూశావు మరి."

వెనక్కి తిరిగింది. తిరిగినదల్లా ఆగింది. నీళ్ళు పగిలిన చప్పుడు. ఆవిడ కాళ్ళ దగ్గరే, ఎర్రనీట్లో, చెయ్యి పొడుగు చేప పక్కకి ఒరిగి, తెల్లగా మెరిసి, ఎగువకి పోయింది. వదిన చీపురు నీళ్ళలో పడిపోయింది. నా పక్కన కూర్చుంది. కళ్ళు తుడుచుకోలేదు, నేనూ చూడనట్టే చుట్ట వెలిగించుకున్నాను.

తరవాత లేచి ఊరంతా తిరిగి చెప్పింది. అబద్ధమంటే ఏమిటో తెలియని మనిషి. ఇల్లిల్లూ తట్టి చెప్పింది. ఒక్కరూ నమ్మలేదు. "అయ్యో మాలక్ష్మీ, నిన్ను కూడా చెడగొట్టాడా ఆ తాతారావు!" అన్నారట.

పక్షుల మనోభావం: మునసబు ఒక్కడు నమ్మాడు. అడిగితే సాక్ష్యానికి రాడు, వెధవ.